ఏడ్పు నీది, వీపు నాది

నాందేడ్, వజీరాబాద్
12 జూన్ 1979

బావా,

క్షేమసమాచారాలు చెల్లె ఉమకు వేరే కార్డు మీద రాసిన. నీతోని వేరే మాట ఉన్నది.

నీ ఫోటో చూసిన. హైదరాబాద్ పేపరు మాకు రెండో రోజు వస్తది, అది గూడ నాకంటె ముందు మా ఇంటామె లీలాబాయి చదువుతది. "మీ బావగారికి శాలువా కప్పిండ్రు" అని దుకాణం దాక నడిచొచ్చి గిరాకుల ముందట చెప్పింది. నీ సత్కారానికి మా దుకాణంల గూడ చప్పట్లు కొట్టించాలని ఆమె ఉద్దేశం కావచ్చు. నేను ఫోటోల శాలువా అంచు చూసిన. బట్టలు అమ్మి ముసలోన్ని అయిన మనిషిని, ఫోటోల చూసినా చెప్తా: అది పట్టు కాదు, ఆర్టు సిల్కు. అయినా నీ భుజాల మీద బాగనే నిలిచింది. నీ భుజాలు మొదటి నుంచి శాలువా కోసమే ఉన్నట్టుంటయి.

శాలువా పోనీ. ఫోటో కింద రాసిన మాట నన్ను కుట్టింది. "రేడియో నాటకానికి గొంతునిచ్చిన నందకిషోర్ గారు, 1950లో నాందేడ్ గణేశ్ మండపంలో ఫ్రెంచి హాస్యనాటకాన్ని 'ఓర్వలేని సేటు'గా ఆడి, ఆ ముసలి పాత్రకు ప్రాణం పోశారు." ఒక్కనివే పోసినవా బావా? నేను అప్పుడు మండపం బయట చెప్పులు కాస్తున్ననా?

ఆ నాటకం ఇంగ్లీషు పుస్తకం సుల్తాన్ బజార్ పాత పుస్తకాలల్ల ఏరి తెచ్చింది నేను. మా దుకాణంల తానుల మీద కూసొని ఇద్దరం తెలుగు చేసినం. సేటు వేషం ఎవరిదని కొట్లాట అయితే, మండపం పెద్దలే తీర్పు చెప్పిండ్రు: ఒక రాత్రి నందకిషోర్, ఒక రాత్రి దిగంబర్. పది రాత్రులల్ల అయిదు నీవి, అయిదు నావి. పక్కింటోని గుర్రాన్ని చూసి, ఇంటి కప్పును చూసి, ఆఖరికి వాని దగ్గును చూసి గూడ ఓర్వలేని సేటు. ఆఖరి సీనుల ఆ పక్కింటోడు చచ్చిపోతడు, ఊరు ఊరంత శవం వెనుక నడుస్తది. పుస్తకంల అక్కడ మాట లేదు. "ముసలివాడు కిటికీలోంచి చూస్తాడు." అంతే.

నువ్వు అక్కడ భోరున ఏడ్చేటోనివి. శవం వెంబడి పోయేటోళ్లు ఆగి "ఎంత ప్రేమ ఉండె పాపం" అనుకుంటరు, జనం పడి పడి నవ్వుతరు. నేను ఏడ్వలేదు. జనానికి వీపు తిప్పి కిటికీల చూసిన. నా వీపే ఓర్వలేకపోయింది. నీ రాత్రి నవ్వులు, నా రాత్రి నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని నువ్వు ఏమన్నవో మర్చిపోలేదు: "జనం ఆట అయిపోయిందనుకొని చెప్పులు వెతుక్కుంటున్నరు."

రాష్ట్రాలు విడగొట్టి నాందేడ్‌ను మరాఠీ దిక్కు కలిపినప్పుడు నువ్వు సర్కారు నౌకరివి, హైదరాబాద్ కోరుకున్నవు. నీకు తెలుగు జనం దొరికిండ్రు, రేడియో దొరికింది. నాకు గజం కట్టె దొరికింది. దానికి నేను ఎవ్వరిని అనను. గని నా అయిదు రాత్రులను గూడ నీ ఫోటో కింద పెట్టుకుంటె ఊకోను.

మొన్న ట్రంక్ కాల్ బుక్ చేసి, దుకాణం ఇడిచిపెట్టి, పోస్టాఫీసుల సగం దినం కూసున్న. లైను దొరికినంక నువ్వు ఫోను కాడికి రాలేదు. ఉమను పంపినవు. శాలువా కప్పుకున్నంక బామ్మర్దితోని మాట్లాడొద్దని ఎవరన్న చెప్పిండ్రా?

దిగంబర్


హైదరాబాద్, నారాయణగూడ
21 జూన్ 1979

దిగంబర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. మొదటిసారి కోపానికి, రెండోసారి నీ వాక్యాలకు. నువ్వు బట్టలు అమ్మి తెలుగుకు నష్టం చేసినవు.

పేపరోళ్లు రాసింది నేను చెప్పింది కాదు. సభల నా వంతు వచ్చినప్పుడు నేను దండం పెట్టి కూసున్న, ఒక్క ముక్క మాట్లాడలేదు. ఫోను సంగతి, జలుబు చేసి గొంతు బొంగురు పోయింది. ట్రంక్ కాల్ పైసలు నా దగ్గుకు ఎందుకని ఉమకిచ్చిన.

ఇప్పుడు అసలు సంగతి విను. పోయిన ఆదివారం ఇక్కడ ఒక ఫిల్మ్ క్లబ్బోళ్లు మన నాటకం చూపించిండ్రు. అవును, మన "ఓర్వలేని సేటు". పారిస్‌ల ఒక పెద్ద కంపెనీ స్టేజి మీద ఆడుతుంటె, జనం మధ్యల కెమెరా పెట్టి మొత్తం పట్టిండ్రు. అది సినిమా కాదు, నాటకమే. తెర లేస్తది, జనం దగ్గుతరు, నవ్వుతరు, ఒక ముసలామె నవ్వు ఆపుకోలేక చేస్తున్న చప్పుడు సగం ఆటదాక వినవస్తది. మూడు వందల ఏండ్ల కింద రాసిన మాటలకు ఇయ్యాల మనిషి అంత నవ్వుతున్నదంటె, రాసినోడు మన నాందేడ్ బజారు చూసే రాసి ఉంటడు.

వాళ్ల సేటు బక్కపల్చటి మనిషి. మనం గుర్రం సీనుల చేసినట్టు దుంకులాడడు. గుర్రం పళ్లు లెక్కపెడుతున్నట్టు ఉత్త నోరు కదిలిస్తడు. నేను సిగ్గుపడ్డ.

ఆఖరి సీనుకు ముందుకు వంగి చూసిన. శవం పోతున్నది, గంటలు మోగుతున్నయి. వాడు కిటికీ కాడికి నడిచిండు. వీపు తిప్పిండు, దిగంబర్. అచ్చం నీ లెక్క. భుజం ఒక్కటి కొంచెం పైకి పోయింది, మళ్ల కిందికి రాలేదు. అంతే. తెర పడ్డది. ఈ మాట నీకు రాయాలని అప్పుడే అనుకున్న.

ఉమ నిన్ను బెల్లం తక్కువ తినమంటున్నది.

నందకిషోర్


నాందేడ్
30 జూన్ 1979

బావా,

నీ ఉత్తరం దుకాణంల చదివి, ఇంట్ల చదివి, గోదావరి గట్టుకు పోయి మళ్ల చదివిన. నమ్మబుద్ధి కాలేదు. నువ్వు నన్ను మెచ్చుకోవుడు నేను పుట్టినంక ఇదే మొదలు. ఉమ పెండ్లిల నేను కట్టించిన పందిరిని గూడ "నీడ బాగనే ఉన్నది" అని సూర్యున్ని మెచ్చుకున్నవు. ఇప్పుడు ఏం కావాలె నీకు? మళ్ల ఏదన్న సత్కారం ఉన్నదా, నేను నాందేడ్ నుంచి ప్రశంసాపత్రం రాయాల్నా?

ముందుగాల గిట్లనే అనుకున్న. దాచుకుంటె లాభమేంది. తర్వాత గదిల తలుపు పెట్టుకొని అద్దానికి వీపు తిప్పి, భుజం ఒక్కటి లేపిన. వీపు నాకు కనపడదని అప్పుడు యాదికొచ్చింది. లీలాబాయిని పిలిచి ఎట్ల ఉన్నదని అడిగిన. "బనీను చినిగింది" అన్నది. నీ ఇంట్ల ఉమ రేడియో ముందట కూసొని నీ నాటకాలు వింటదట. ఎవరి నసీబు వాళ్లది.

దేవిదాస్ అని మా కాలేజీల లెక్చరరున్నడు. ఇక్కడ ఫిల్మ్ సొసైటీ నడుపుతడు, నా దుకాణంలనే అంగీలు కుట్టించుకోను బట్ట తీస్తడు. నీ ఉత్తరం ఆయనకు చదివి వినిపించిన. మొత్తం కాదు, వీపు కాడ. ఆయన ఎగిరి గంతేసిండు. ఆ ఫ్రెంచి ఫిలిమును కాలేజీ హాలుకు తెప్పిస్తనన్నడు. మరాఠీ మనిషి, గని మన గణేశ్ మండపం సంగతి వాళ్ల నాయన చెప్తె విన్నడట. "కాకా, మీ వీపు గురించి విన్న" అన్నడు. విన్నవా? ఇరవై తొమ్మిది ఏండ్లకు ఒక్కడు.

ఫ్రెంచి ఇక్కడ ఎవనికి తెలుసు. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తయట, చదివేటోళ్లు ఎందరు? అందుకే మూకీ సినిమాల కాలంల చేసినట్టు, తెర పక్కన మైకు పెట్టుకొని నేను చెప్త. సేటు తెలుగుల, సేటు పెండ్లాం మరాఠీల, పోలీసోడు మన దక్కనీ ఉర్దూల. అన్ని వేషాలు నావే. ఆఖరి సీనుల మాత్రం మైకు మూసి ఊకుంట. జనం వాని వీపు చూడాలె, చూసి నా వీపును యాది చేసుకోవాలె.

నీ కండ్లకు పుణ్యం. ఇంతకు ముందు నోటితోని సంపాదించిన పాపం కొంత పోతది.

దిగంబర్


హైదరాబాద్
7 జులై 1979

దిగంబర్,

ఫిలిము తెప్పించే పని పెట్టుకోకు. ఆ ప్రింటు మస్తు పాతది, గీతలు పడ్డది, ఆఖరి రీలు మధ్యల తెగిందని ఇక్కడ మెషిన్ నడిపేటాయన చెప్పిండు. ఫ్రెంచోళ్లు మాట్లాడే వేగానికి నువ్వు మైకుల అందుకోలేవు, ఊపిరి తిరగదు. నేను చూసిన, నీకు రాసిన, అది చాలదా? నా మాట మీద నమ్మకం లేదా?

మాట్లాడొస్తలేదు, ఓపిక గూడ లేదు, పొట్టిగ రాస్తున్న. జలుబు ఇంక తగ్గలేదు.

నందకిషోర్


నాందేడ్
15 జులై 1979

బావా,

ఇప్పుడు తెలిసింది నీ సంగతి.

వీపు తిప్పిండని రాసేసరికి నీ చెయ్యి కాలింది. రాసినంక పండుకుంటె నిద్ర పట్టలేదు. ఈడ నలుగురు చూస్తె, "దిగంబర్ చేసిందే సరి, నందకిషోర్ ఉత్త గొంతు" అంటరని భయం పుట్టింది. అందుకే ప్రింటు పాతదైంది, రీలు తెగింది, నా ఊపిరి ఆగింది. నీ మాట మీద నమ్మకమా? నీ మొదటి మాట మీద ఉన్నది. రెండోది నీ లోపలి సేటు రాసిండు.

నేను చదవని ఓర్వలేనితనం లేదు బావా. సంస్కృతంల చదివిన, ఇంగ్లీషుల చదివిన, ఉర్దూల హసద్ అన్న మాట మీద కవులు కార్చిన కన్నీళ్లు చదివిన. చదవకముందే నాకు వచ్చు. మన ఇద్దరిల దాన్ని దాచేటోనివి నువ్వు, బజార్ల పెట్టేటోన్ని నేను. అంతే తేడా.

ఆటకు జాహిరాత్ కాగితం అచ్చయింది. ఒకటి దీనితోని పంపుతున్న. మరాఠీ ఒక దిక్కు, తెలుగు ఒక దిక్కు. చదువుకో: "ఆఖరి సీను తప్పక చూడండి! 1950ల మన నాందేడ్ దిగంబర్‌రావు చేసినట్టే పారిస్ మహానటుడు చేసిండు!" దేవిదాస్ వద్దన్నడు, ముందు ప్రింటు చూసి వేద్దమన్నడు. నేనే పట్టుబట్టిన. బజారుల ప్రతి దుకాణంల అంటించిన. జిన్నింగ్ మిల్లు శంకర్రావుకు స్వయంగ పోయి ఇచ్చొచ్చిన. ఆ దినాలల్ల నీ ఏడ్పుకు అందరికంటె ముందు "వన్స్ మోర్" అని అరిచేటోడు ఆయనే. ఇప్పుడు వచ్చి చూస్తడు.

ఆగస్టు అయిదు, ఆదివారం పొద్దున పది గంటలకు. నీకు ముందు వరుసల కుర్చీ ఉంచుత. రావని తెలుసు. ఖాళీ కుర్చీ నాకు చాలు.

దిగంబర్


హైదరాబాద్, దవాఖాన
29 జులై 1979

అన్నకు,

నీ చెల్లె ఉమ రాస్తున్నది. కార్డు మీద కాదు, కవరు తెప్పిచ్చి రాస్తున్న, వదిన సదవద్దని.

నువ్వు పంపిన జాహిరాత్ కాగితం జూసినంక ఊకుంటె అయ్యేటట్టు లేదు. అన్నా, ఆ ఫిలిముల ఆ ముసలోడు ఈపు తిప్పలే. నేను పక్కన్నే కూసున్న. ఏడ్సిండు. నోరు తెరిసి, సిన్న పోరని లెక్క ఏడ్సిండు. మా ఆయన ఎట్ల ఏడ్సేటోడో అట్లనే. హాలంత నవ్విండ్రు. మా ఆయన నా సెయ్యి గట్టిగ పట్టుకున్నడు. ఇంటికొచ్చినంక దస్తి తోటి మొకం తుడుసుకొని, కాగితం తీసి నీకు రాసిండు. నేను ఎనుక నిలవడి సదివిన. "గిదేంది, ఉల్టా రాస్తున్నవు?" అంటె, "ఉన్నది రాస్తె నీ అన్న కాలిపోతడు. నాకు శాలువా కప్పిండ్రు, ఆనికి ఇది కప్పుదాం" అన్నడు.

అది ఆయన గొంతుతోని అన్న ఆఖరి మాటలల్ల ఒకటి అనుకో.

జలుబు కాదన్నా. గొంతుల గడ్డ. సభల అందుకే మాట్లాడలే, ఫోను కాడికి అందుకే రాలే. పోయిన మంగళారం కోసి తీసిండ్రు. పానానికి భయం లేదన్నరు డాక్టర్లు. మాట మాత్రం ఇగ రాదట. పలక ఇచ్చినం. పలక మీద మొట్టమొదాల రాసింది ఏందో ఎరుకేనా? "దిగంబర్‌కు చెప్పకు."

ఎందుకని నేను కొట్లాడిన. మళ్ల రాసిండు: "వాడు ఓర్వలేనంత కాలం నేను నటున్ని. జాలి పడ్డనాడు రోగిని."

అన్నా, నువ్వు ఇప్పుడే ఉరికి రాకు. నువ్వొస్తె నేను చెప్పిన్నని తెలుస్తది. గని ఆ ఆదివారం నలుగుట్ల నీ ఇజ్జత్ పోతదని రాస్తున్న. ఫిలిము బందు వెట్టు. లేకుంటె ఏదన్న జేసుకో. ఆయనను మాత్రం తిట్టకు. తిట్టకుంటె గూడ ఆయనకు అనుమానమొస్తది. ఎట్ల జేస్తవో నీకే ఎరుక.

ఉమాబాయి


నాందేడ్
6 ఆగస్టు 1979

బావా,

ఉమ నాకు ఏం రాయలేదు. నాకేం తెల్వదు. ఇది ఏం తెల్వనోడు రాస్తున్న ఉత్తరం.

నిన్న ఆట అయింది. హాలు నిండింది. జాహిరాత్ అంత పని చేసింది. కిటికీలల్ల గూడ జనం. దేవిదాస్ మైకు నా చేతికిచ్చి "కాకా, ప్రింటు నేను గూడ చూడలే" అన్నడు. నేను తెర పక్కన కూసున్న. నవ్వించిన. దాపరికమేంది, మస్తు నవ్వించిన. పోలీసోడు పారిస్ గల్లీల నిలబడి "క్యా రే, కిధర్ జా రా?" అంటె పిలగాండ్లు బెంచీలు గుద్దిండ్రు. సేటు పెండ్లానికి లీలాబాయి గొంతు పెట్టిన. ఆమె ముందు వరుసల ఉన్నది. ఇంటికి పోయినంక దాని ఫలితం అనుభవించిన.

నీ కుర్చీ ఖాళీగ ఉంచిన.

ఆఖరి సీను వచ్చింది. గంటలు మోగినయి. జనం తెరను చూస్తలేరు బావా, నన్ను చూస్తున్నరు. శంకర్రావు చేతికర్ర మీద గడ్డం ఆనిచ్చి చూస్తున్నడు. నేను చెప్పి పెట్టుకున్న ప్రకారం మైకు మూయాలె. వాడు కిటికీ కాడికి నడిచిండు. కెమెరా వాని వెనుక పోయి, వాని ముఖం దాక పోయింది. కెమెరా అసువంటిదే, నీ లెక్క, ముఖం ఇడవది. వాని పెదవి వణికింది. హాలుల ఎవడో "ఏదిరా వీపు?" అన్నడు.

మైకుల "ఫ్రెంచోనికి నాటకం రాదు" అని ఒక్క మాట అంటె నా ఇజ్జత్ మిగిలేది. నా నోటి చివర్ల ఉండె. లేదా రాత్రి అనుకున్నట్టు, లేచి నిలబడి నా వీపు నేనే తిప్పి, తెర మీదోన్ని ఓడగొట్టాలె. అది గూడ చేయలేదు.

ఏడ్చిన.

నాది కాదు. నాకు ఏడ్పు రాదు. నీది ఏడ్చిన. అయిదు రాత్రులు పక్కన నిలబడి, పండ్లు కొరుక్కుంట విన్నది ఒక్క ఎక్కిలి గూడ పోలేదు. మొదలు నాభి కాడ నుంచి గుర్గుర్ మని లేస్తది చూడు, తర్వాత దూడ తల్లిని పిలిచినట్టు పొడుగు, ఆఖరికి ముక్కు చీది మళ్ల మొదలు. అన్నీ వచ్చినయి. ఓర్వలేకుంట విన్నది ఎంత బాగ యాదుంటదో అప్పుడు తెలిసింది. వాడు తెర మీద నోరు తెరిచిండు, నీ గొంతు బయటికొచ్చింది.

హాలు కూలినట్టు నవ్విండ్రు. నవ్వు మధ్యల శంకర్రావు కర్ర లేపి అరిచిండు: "అరే, నందకిషోర్! అగదీ, అచ్చం నందకిషోర్!" నా ఊరు, నా మైకు, నా జాహిరాత్. అరిచింది నీ పేరు.

"వన్స్ మోర్" అన్నరు. ఫిలిము వెనుకకు తిరగదని దేవిదాస్ చేతులూపిండు. వింటరా? తెర మీద ఫ్రెంచోళ్లు వరుసగ నిలబడి దండాలు పెడుతున్నరు, నేను పక్కన మళ్ల ఏడుస్తున్న. పారిస్‌ల కొట్టిన చప్పట్లు, నాందేడ్‌ల కొట్టిన చప్పట్లు కలిసిపోయినయి. ఆట అయినంక జాహిరాత్ గురించి ఒక్కడు అడగలేదు. దానికి గూడ నువ్వే కారణం.

ఇన్నేండ్లు ఆ నవ్వు నీకు ఎట్ల ఉంటదో అని మండిపోయిన. నిన్న తెలిసింది. వెచ్చగ ఉంటది. అది నీకే ఉండెనని ఇప్పుడు రెట్టింపు మండుతున్న. నేను కప్పుకోవడానికి ఉత్తరంల పెట్టి నువ్వు పంపిన శాలువాను వాపసు చేస్తున్న. అంచు బాగనే ఉన్నది, గని కొలత నాది కాదు.

దేవిదాస్ టేపు చేసిండు. హైదరాబాద్ వచ్చే మనిషితోని పంపుతున్న. నచ్చకుంటె నోరు మూసుకో.

దిగంబర్


హైదరాబాద్
19 ఆగస్టు 1979

దిగంబర్,

నోరు మూసుకున్న. ఆ మాట ఉమ చదివి పండ్లు కొరికింది, నేను నవ్విన. నా నవ్వుకు ఇప్పుడు చప్పుడు ఉండదు, కుట్లు మాత్రం లాగుతయి.

ఉమ నీకు ఏం రాయలేదని నేను గూడ నమ్ముతున్న.

టేపు విన్న. గుర్గుర్ బాగుంది. దూడ గూడ బాగుంది. ముక్కు చీదే కాడ తొందరపడ్డవు. జనం ఇంక వస్తదని ఎదురుచూడాలె, అప్పుడు చీదాలె. నువ్వు నవ్వు వినంగనే ఆగలేకపోయినవు. మొదటిసారి నవ్వు దొరికినోనికి అంతే అయితది, అలవాటైతె నిదానం వస్తది. శంకర్రావు అరుపు కాడ ఉమతోని టేపు నాలుగుసార్లు తిప్పిచ్చిన.

ఇగ ఒక పని పడ్డది. ఇక్కడి నాటక సమాజం పిలగాండ్లు వచ్చిండ్రు. మాటలు లేని వేషం ఒకటి కట్టమంటున్నరు. రోజు అద్దం ముందట నిలబడుతున్న. వీపు వస్తలేదు. భుజం ఒక్కటి లేపితె రెండోది గూడ లేస్తది. ఉమను అడిగితె, "చలి పెట్టినోని లెక్క ఉన్నవు" అంటున్నది. ఆ రాత్రులు నేను నిన్ను సరిగ చూడలేదు. చెప్పుల మాట తయారు చేసుకుంట ఉంటి.

నువ్వు ఎట్ల చేసినవు? రాయి.

నందకిషోర్


నాందేడ్
25 ఆగస్టు 1979

బావా,

రాయ. నీకు శాలువా ఉన్నది, రేడియో ఉన్నది, నా చెల్లె ఉన్నది. వీపు గూడ ఉత్తరంల మడిచి పంపాల్నా? మూడు దినాలు ఈ ఒక్క మాట మీదనే ఉన్న: చెప్పకుంటె ఏమైతది, వీనికి ఎన్నటికి రాదు గదా అని. అట్ల అనుకుంటె మస్తు సుఖంగ ఉన్నది. దాచుకోను.

గని నువ్వు రెండు భుజాలు లేపి, నాందేడ్ వీపు ఇదే అని హైదరాబాద్‌ల చూపిస్తె నేను బతకలేను. అది కాగితం మీద వచ్చేది కాదు, వెనుక నిలబడి భుజం మీద చెయ్యేసి నొక్కితె వచ్చేది. వచ్చే శనివారం బండికి వస్తున్న. లీలాబాయి దుకాణం చూసుకుంటది. కాచిగూడకు నువ్వు రాకు.

వస్తె మాత్రం ప్లాట్‌ఫారం మీద ఏడ్వకు. అది ఇప్పుడు నాది.

దిగంబర్